చుట్టుకొలత: గాజు మొదలు మాను వఱకు



గతమాసమున ఈ పుటలో తూనికలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున గుండ్రని వస్తువుల చుట్టుకొలతను గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. గణితమనగానే పుట త్రిప్పివేయవలదు. మన యింట గుండ్రనివి ఎన్ని లేవు? గాజు, పళ్లెరము, జల్లెడ, తిరుగలి, అప్పడము, చెంబుమూతి, నూతివర, ఇట్లు లెక్కించుచు పోయిన ప్రొద్దుగ్రుంకును. వీని నడుమనే నిత్యము మెలగు మనకంటె వృత్తముతో పరిచయము గలవారు మఱెవ్వరు? పరిచయము మనకు కలదు. లెక్కను మాత్రము ఇతరులకు విడిచితిమి. విడిచినచోట నష్టము కలుగుచున్నది. ఆ నష్టమెంతయో కూడ చెప్పవచ్చును: ఇరువదిరెంటిలో ఒక పాలు. అది ఎట్లో ఈ పుటలో చూపెదను.

ముందుగా రెండు మూడు మాటల అర్థము తెలిసికొందము. వృత్తము యొక్క నడిబొడ్డు మీదుగా ఈ యంచు నుండి ఆ యంచు వఱకు గల అడ్డకొలతకు వ్యాసమని పేరు. అందులో సగము వ్యాసార్ధము. అంచు వెంబడి చుట్టి బయలుదేరిన చోటికి వచ్చిన కొలత పరిధి. అడ్డమునకు మూడింతలు చుట్టు అని నోటిలెక్క యొకటి కలదు. ఇది మిక్కిలి ప్రాచీనమైనది. మన దేశముననే గాక ఇతర దేశములందును పూర్వులు దీనిని వాడియున్నారు. జ్ఞాపకముంచుకొనుటకు సులభము. కాని యిది నిజము కాదు. నిజము కాదని తెలిసికొనుటకు పెద్ద శాస్త్రములు అక్కఱలేదు. మన ముగ్గే చాలును.

ఆఱురేకుల పద్మము వేయుట ధనుర్మాసమున మనకు అలవాటే గదా. ఒక పుల్లను నేలపై నిలిపి, దానికి దారము కట్టి, దారపు కొసను సుద్దముక్క నుంచి చుట్టు త్రిప్పిన చక్కని వృత్తము వచ్చును. ఆ దారమును హెచ్చింపక తగ్గింపక, పుల్లను అంచుమీదికి మార్చి, అచ్చటనుండి గీచినచో ఆ గీత అంచును వేఱొకచోట తాకును. పుల్లను ఆ క్రొత్తచోటికి మార్చి మరల గీయుడు. ఇట్లు ఆఱుమాఱులు చేయునప్పటికి బయలుదేరిన చోటికే వత్తుము. ఒక్క వెండ్రుకవాసి హెచ్చుతగ్గులుండవు. ఇప్పుడు ఆ ఆఱు చుక్కలను తిన్నని గీతలతో కలుపుడు. ప్రతి గీతయు మన దారమంత, అనగా వ్యాసార్ధమంత యుండును. ఆఱు వ్యాసార్ధములనగా మూడు వ్యాసములే గదా.

కావున మూడింతలనునది ఆ ఆఱు తిన్నని గీతల కొలతయే గాని, వంపు తిరిగిన అంచు కొలత కాదు. రెండు చుక్కల నడుమ తిన్నని దారికంటె వంపుదారి పొడవు. వరిచేనికి అడ్డముగా పోవువానికంటె గట్టు వెంబడి చుట్టిపోవువాడు ఎక్కువ నడచును. అందుచేత పరిధి మూడింతలకంటె తప్పక అధికమై యుండవలయును. ఇక వృత్తమును నాలుగు ప్రక్కల తాకునట్లు వెలుపల ఒక చతురస్రము గీచినచో, దాని నాలుగు భుజములు కలిసి నాలుగు వ్యాసములగును. వృత్తము దాని లోపల ఒదిగి యున్నది గనుక పరిధి నాలుగింతలకంటె తక్కువ. మూడింటికి పైని, నాలుగింటికి లోపల అని మన వాకిటి ముగ్గే తేల్చినది.

యవనదేశపు గణితవేత్త ఆర్కిమిడీసు క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున ఈ దారినే ముందునకు సాగించెను. ఆఱు భుజములను పండ్రెండు చేసి, పండ్రెంటిని ఇరువదినాలుగు చేసి, 96 భుజముల వఱకు పోయి, వృత్తమునకు లోపలను వెలుపలను గల ఆ గీతల కొలతలను లెక్కించెను. పరిధి మూడు వ్యాసములమీద మఱియొక వ్యాసములో ఏడవపాలికంటె తక్కువయనియు, 71 భాగములలో 10 భాగములకంటె ఎక్కువయనియు తేల్చెను. ఆ మూడును ఏడవపాలును కలిపినదే 22ను 7చే భాగించిన సంఖ్య. బడిపిల్లలు వల్లించునది ఇదియే.

వల్లించుటకంటె చూచుట మేలు. 14 అంగుళముల అడ్డకొలత గల పళ్లెరమును తీసికొని, సాగని దారమును దాని యంచునకు ఒక్క చుట్టు చుట్టి, ఆ దారమును కొలబద్దపై పఱచుడు. మూడింతల లెక్క ప్రకారము 42 అంగుళములు రావలయును. కాని 44 వచ్చును. రెండంగుళముల దారము ఎక్కడనుండి వచ్చినది? ముగ్గులో మనము చూచిన వంపులోనుండి వచ్చినది. 44లో 2 అనగా 22లో 1. చెంబుమూతి 3½ అంగుళములైన చుట్టు 11. వస్తువు చిన్నదైనను పెద్దదైనను ఈ పాలు మాఱదు. మూడింతల లెక్క కట్టిన ప్రతివారును ఇరువదిరెండు పాళ్లలో ఒక పాలును జాఱవిడుచుచున్నారు.

బండిచక్రమునకు ఇనుపపట్టా వేయు కమ్మరికి ఈ సంగతి బాగుగ తెలియును. ఐదడుగుల చక్రమునకు మూడింతల లెక్కను పట్టా కోసినచో అది ఎనిమిదిన్నర అంగుళములు తక్కువ పడును. ఎంత కాల్చి సాగించినను చక్రమున కెక్కదు. కావుననే అతడు నోటిలెక్కను నమ్మక అంచును కొలిచి పట్టా కోయును.

ఇక మన దేశపు సంగతి. క్రీ. శ. 499లో ఆర్యభటుడు 20,000 వ్యాసము గల వృత్తమునకు 62,832 పరిధియని చెప్పి, ఇది ఆసన్నము, అనగా నిజమునకు దగ్గఱిది మాత్రమే యని కూడ హెచ్చరించెను. తనకు దొరకిన సంఖ్యయే పరమసత్యమని అతడు అనలేదు. ఆ వినయము గమనింపదగినది. ఈ లెక్క చొప్పున మన పళ్లెరపు చుట్టు 43.98 అంగుళములు. 9వ శతాబ్దమున రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమునందలి మహావీరాచార్యులు గణితసారసంగ్రహమను సంస్కృత గ్రంథము వ్రాసిరి. అందు రెండు విధములు చెప్పబడినవి. స్థూలముగా కావలసిన వ్యాసమునకు మూడింతలు. సూక్ష్మముగా కావలసిన వ్యాసమును దానిచేతనే గుణించి, వచ్చినదానిని పదింట గుణించి, వర్గమూలము తీయవలయును. ఈ రెండవ విధమున మన పళ్లెరమునకు 44.27 అంగుళములు వచ్చును. ఇది నిజమునకు కొంచెము మించినది; అయినను మూడింతలకంటె ఎంతయో దగ్గఱ.

ఈ గ్రంథమును గూర్చి గోదావరీతీరమున నివసించు మనకు ప్రత్యేకముగా ముచ్చట కలదు. మా నిడదవోలునుండి రైలెక్కి, కొవ్వూరు దాటి, వంతెనమీదుగా నదిని దాటిన రాజమహేంద్రవరము. ఆ రాజధానినుండి రాజరాజనరేంద్రుడు ఏలిన 11వ శతాబ్దమునకు చెందినవాడని పెక్కురు చెప్పు పావులూరి మల్లన, మహావీరాచార్యుల గ్రంథమును సారసంగ్రహ గణితమను పేర తెలుగుపద్యములలోనికి తెచ్చెను. మూలమునందలి జైనపరములగు ఉదాహరణములను విడిచి శివపరములగు ఉదాహరణములను చేర్చెను. అందఱును భారతమును తెలుగు చేసిన నన్నయను తలంతురు. గణితమును తెలుగు చేసిన మల్లనను తలంచువారు తక్కువ. మన వాఙ్మయము బాల్యదశయందుండగనే లెక్కకు కూడ తెలుగుపద్యము దొరకినదన్న మాట. తెలుగు చదువ నేర్చినవారికి గణితము అందుబాటులో నుండవలయునని మల్లన తలంచెను. ఆ తెలుగు చదువ నేర్చినవారిలో మనము లేమా? మా యూరికి పూర్వనామము నిరవద్యపురమని చెప్పుదురు. నిరవద్యమనగా దోషములేనిది. అట్టి యూరిలో నుండి, ఇరువదిరెంటికొక దోషమును సహించుట న్యాయముగాదు గదా!

ఇప్పుడు మన చేతిగాజులవద్దకు వత్తము. అంగడిలో రెండు నాలుగు, రెండు ఆఱు, రెండు ఎనిమిది అని గాజుల కొలతలు చెప్పుదురు. చాలమంది దీనిని పేరుగా నెఱుగుదురే గాని దాని అర్థము విచారింపరు. మొదటి సంఖ్య అంగుళములు. రెండవది అంగుళమును పదునాఱు భాగములు చేసిన వానిలో ఎన్ని యని. రెండు నాలుగనగా లోపలి వ్యాసము రెండుంబాతిక అంగుళములు. రెండు ఎనిమిదనగా రెండున్నర అంగుళములు. ఊరనున్న ఆడుబిడ్డకు గాజులు పంపవలసివచ్చినప్పుడు, ఆమె బొటనవ్రేలిని అఱచేతిలోనికి ముడిచి, పిడికిలి ఎముకల యొద్ద చేతి వెడల్పైన చోట దారము చుట్టి, ఆ కొలతను వ్రాసి పంపిన చాలును. దానిని 7చే గుణించి 22చే భాగించిన వ్యాసము వచ్చును. దారము 7½ అంగుళములైన వ్యాసము రెండుంబాతిక మీద మఱికొంచెము, ఇంచుమించు రెండు ఆఱు. మూడింట భాగించినవారికి రెండున్నర వచ్చును; రెండు ఎనిమిది కొందురు; ఆ గాజు బిందె ముంచునప్పుడు జాఱి నూతిలో పడును. ఒక కొలతకును తరువాతి కొలతకును చుట్టులో భేదము ఇంచుమించు ఒక సెంటీమీటరు మాత్రమే. అందుచేత నోటిలెక్క ఇచ్చట పనికిరాదు.

గాజు మట్టిగాజైన పగిలిపోవును, అంతే. బంగారుగాజైన మాట వేఱు. ఒకే మందము గల తీగతో గాజులు చేయించునప్పుడు, మూడింతల లెక్క ప్రకారము 21 గ్రాములు చాలునని తలచి సొమ్ము కూర్చుకొన్న యిల్లాలికి నిజముగా 22 గ్రాములు కావలయును. ఆ యొక్క గ్రాము వెల ఎంతయో నేను చెప్పనక్కఱలేదు. తరుగు, మజూరీ వీనికి తోడు ఈ గ్రాము కూడ హఠాత్తుగా మీదపడినచో, బంగారు పనివాడు మోసము చేసెనని నింద వేయుదుము. ఒక్కొక్కప్పుడు తప్పు పనివానిది కాదు, లెక్కది.

ఇంతవఱకు మూడింతల లెక్క తక్కువ చూపుట చూచితిమి. ఒక్కొక్కచోట అదే లెక్క ఎక్కువ చూపును. 1150లో భాస్కరాచార్యులు రచించిన లీలావతిలో ధాన్యరాశిని కొలుచు విధము చెప్పబడినది. మా డెల్టాలో పుట్టినవారికి కళ్లము, రాశి అనిన ప్రాణము లేచివచ్చును గనుక దీనిని వివరించెదను. సమమైన నేలపై పోసిన రాశికి అడుగున తాడు చుట్టి కొలువవలయును. ముల్లుగల ధాన్యమైనచో, అనగా వడ్లవంటివైనచో, రాశి యెత్తు ఆ చుట్టులో తొమ్మిదవ పాలుండునట. చుట్టును ఆఱింట భాగించి, దానిని దానిచేతనే గుణించి, ఎత్తుచే గుణించిన రాశి ఘనపరిమాణము వచ్చును. చుట్టు 36 మూరలైన ఎత్తు 4 మూరలు; ఆఱవపాలు 6; ఆఱాఱులు 36; నాలుగుచే గుణింపగా 144 ఘనమూరలు. ఒక్క తాడుముక్కతో గుట్టెడు ధాన్యము లెక్క తేలినది! ఎంతటి బుద్ధిసూక్ష్మత!

కాని యిందును మూడింతలు దాగియున్నది. సూక్ష్మముగా లెక్కించినచో ఇంచుమించు 137½ ఘనమూరలు వచ్చును. మరల అదే పాలు: 22 అని తేలినచోట నిజముగా నున్నది 21. చుట్టును ఎఱిగి లోపలి పరిమాణమును కట్టునప్పుడు మూడింతల లెక్క ఉన్నదానికంటె ఎక్కువ చూపును. అట్లు కొలిచి రాశిని అమ్మినచో కొన్నవారికి నష్టము. అట్లు కొలిచి పాలు నిర్ణయించినచో పండించినవారికి నష్టము. భాస్కరాచార్యులకు సూక్ష్మపరిధి తెలియనిది కాదు. 1250 వ్యాసమునకు 3927 సూక్ష్మమనియు, 7 వ్యాసమునకు 22 స్థూలమనియు ఆ గ్రంథముననే చెప్పిరి. కళ్లములోని రాశికి నున్నని యంచుండదు గనుక అచ్చట ఆపాటి లెక్క చాలునని యెంచి యుందురు. ఎచ్చట ఏపాటి సూక్ష్మత కావలయునో ఎఱుగుటయు గణితములో భాగమే. ఈ కాలమున ధాన్యమును కాటాపై తూచుచున్నారు గనుక రాశికి తాడు చుట్టు పని తగ్గినది. తాడు చుట్టు పని తగ్గనిచోటు మఱియొకటి కలదు. అది చెట్టు.

మా వీధిలో ఒక పెద్దముత్తైదువ పెరటిలో వేపమాను కొట్టించిరి. కొననువచ్చిన వర్తకుడు మొద్దునకు టేపు చుట్టి, 88 అంగుళములని చెప్పి, నాలుగింట భాగించి 22 తీసి, దానిని దానిచే గుణించి, 12 అడుగుల పొడవునకు 40 ఘనపుటడుగులు, పైని మూడవవంతు అని కాగితముపై వ్రాసి యిచ్చెను. ఆమె ఆ కాగితమును నా యొద్దకు తెచ్చి, “అమ్మాయీ, వీడు నాలుగింట భాగించినాడేమే? గుండ్రని మాను వీని కంటికి పలకలుగా కనబడినదా?” అని అడిగిరి.

“పిన్నిగారూ, సరిగా అదే చేసినాడండీ. చుట్టు 88 అయిన అడ్డకొలత 28 అంగుళములు. ఆ గుండ్రని మానులో నిజముగా 51 ఘనపుటడుగులు, పైని మూడవవంతు కలదు. పదునొకండు అడుగుల భేదము” అంటిని.

“అయ్యో, పట్టపగలే దోచుచున్నాడన్నమాట!” అని ఆమె లేచిరి.

“తొందరపడకుడు పిన్నిగారూ. ఇది వాడు కల్పించినది కాదు. కలపవర్తకములో చిరకాలమునుండి వచ్చుచున్న పద్ధతి. రంపపుకోతలో పొట్టును, పైచెక్కలును పోవునని ఆ తగ్గింపు. పలకలుగా చెక్కిన దూలము ఆ మానునుండి 33 అడుగులకు లోపలనే వచ్చును. మీరు అడుగవలసినది వేఱు. ఆ పైచెక్కలు ఎవరివి? ఘనపుటడుగునకు చెప్పిన వెల ఈ లెక్కకా, ఆ లెక్కకా?”

ఆమె మాఱుమాట లేక వీధిలోనికి పోయి, “ఏమయ్యా, నీ లెక్కకు నలుబది అడుగులు, నా లెక్కకు ఏబదియొకటి. నడుమనున్న పదునొకండడుగుల కఱ్ఱ నాకు విడిచిపోయెదవా, వెల కట్టి తీసికొనిపోయెదవా?” అని అడిగిరి. వర్తకుడు ఒక్క నిముసము ఊరకుండి, “అమ్మగారూ, పైచెక్కలన్నియు కోయించి మీ పెరటిలోనే వేయించెదను” అనెను. ఆ సంవత్సరము ఆమెకు వంటచెఱకు కొనవలసిన అవసరము లేకపోయినది.

నాలుగింట భాగించు ఈ పద్ధతిలోని కీలకమును గూడ చెప్పి విడిచెదను. ఒకే పొడవు గల దారముతో చతురస్రమును చుట్టవచ్చును, వృత్తమును చుట్టవచ్చును. కాని వృత్తము లోపల పట్టినంత చోటు చతురస్రము లోపల పట్టదు. వృత్తములో 14 పాళ్లు పట్టినచోట చతురస్రములో 11 మాత్రమే పట్టును. అదే చుట్టుకు అన్ని ఆకారములకంటెను ఎక్కువ చోటిచ్చునది వృత్తమే. పూర్వులు గాదెలను, పురులను గుండ్రముగా కట్టిన అదే చాపకు, అదే గడ్డికి ధాన్యము ఎక్కువ పట్టుటకు ఇది కారణము.

22ను 7చే భాగించిన సంఖ్య కూడ పరమసత్యము కాదు. అది నిజముకంటె ఇంచుమించు 2500కు ఒక పాలు ఎక్కువ. గృహకృత్యములకు ఇది చాలును. ఇంకను లోతునకు పోగోరినవారు కేరళదేశపు మాధవుని తలంపవలయును. 14వ శతాబ్దమున అతడు భిన్నములను ఒకదాని వెంట ఒకటి కూడుచు తీసివేయుచు పోవు అంతులేని శ్రేణిచేత పరిధిని సాధించు మార్గమును కనుగొనెను. పది దశాంశస్థానములకు మించి సరియైన విలువ అతని పేర నిలిచినది. 1761లో లాంబర్టను యూరపు గణితవేత్త, ఈ సంఖ్యను ఏ రెండు పూర్ణసంఖ్యల భిన్నముగాను చెప్పుట సాధ్యము కాదని నిరూపించెను. ఆసన్నము అని ఆర్యభటుడు అన్న ఒక్క మాట ఎంత విలువగలదో ఇప్పుడు తెలియుచున్నది గదా.

లీలావతిని గూర్చి ఒక కథ ప్రచారములో నున్నది. భాస్కరాచార్యుల కూతురు లీలావతి పెండ్లిముహూర్తము నీటిగడియారములో ముత్యము పడుటచే తప్పినదనియు, ఆ దుఃఖమును మఱపించుటకు తండ్రి ఆ గ్రంథము వ్రాసెననియు చెప్పుదురు. ఈ కథ 1587లో ఫైజీ చేసిన పారసీక అనువాదమున కనబడుచున్నది. కథ నిజమగునో కాదో గాని, గ్రంథములోని సంగతి నిజము. అందు ప్రశ్నలు పెక్కులు ఒక బాలికను సంబోధించి అడుగబడినవి. ఆమెకు తెలియదని జాలిపడి సులభము చేయబడలేదు. ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే ఒక గణితవేత్త ఆడుపిల్లను పిలిచి, లెక్క చెప్పుమని అడిగెను. మన యింటి ఆడుపిల్లలను మనము అడుగుచున్నామా? మగపిల్లవానిని అంగడికి పంపి చిల్లర లెక్క అడుగుదుము. ఆడుపిల్లను ముగ్గు బాగున్నదని మెచ్చుకొని ఊరకుందుము. ఆ ముగ్గులోనే మూడింతల గుట్టున్నదని ఆమెకు చెప్పుడు. ఒక దారము, ఒక కొలబద్ద, ఒక పళ్లెరము ఇచ్చి, ఆమె చేతనే 44 అంగుళములు తీయింపుడు. తానుగా కొలిచి చూచినది ఆమె యెన్నడును మఱవదు.

వచ్చుమాసమునకు ఒక ప్రశ్న. పెనముపై 14 అంగుళముల దోసె యొకటి, 7 అంగుళముల దోసెలు రెండు వేసితిరనుకొందము, మందము ఒక్కటే. చిన్న దోసెల రెండు చుట్టులు కలిపిన పెద్ద దోసె చుట్టునకు సరిగా సమానము: 22, 22 కలిసి 44. అయిన పిండియు సమానమగునా? కాకున్న ఎవరికి ఎక్కువ వడ్డించినట్లు? ముందు లెక్క కట్టి, తరువాత వేసి చూడుడు. సమాధానమును వచ్చు సంచికలో ఈ పుటయందే చూడగలరు.